నల్లబడ్డ బ్రెడ్డు ముద్దలు

హత్య జరిగిన గదిలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గురురాజారావు కనిపెట్టిన గొప్ప సాక్ష్యం బ్రెడ్డు. బల్ల మీద సగం పాకెట్టు బ్రెడ్డుంది కాబట్టి చచ్చినవాడూ చంపినవాడూ కూర్చుని తిన్నారట. కూర్చోబెట్టి పెట్టాడు కాబట్టి వచ్చినవాడు ఇంటి మనిషట. ఇంటి మనిషంటే బావమరిదట. ఇంత బుర్ర ఉన్న ఆఫీసరు జమ్మలమడుగులో పడి ఎండిపోతున్నాడే అని నాకు జాలేసింది.

నా పేరు యూనుస్. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ సందులో, మేడ మీద గదికి డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని బతుకుతున్నాను. నాకొచ్చే కేసులు రెండే రకాలు. పెళ్ళికొడుకు మంచివాడా కాదా, అంగట్లో గొలుసు ఎవడు నొక్కేశాడు. హత్యలు నాదాకా రావు. మా వైపు హత్యకు డిటెక్టివ్ అక్కర్లేదు, చేసినవాళ్ళే చెప్పుకుంటారు.

ఈ హత్య గురించి మాత్రం ఎవడూ చెప్పుకోలేదు. అందుకే కరుణమ్మ సోమవారం పొద్దున్నే బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో ఉంటుంది, అక్కడి బడిలోనే టీచరు. ఆమె భర్త సత్యానందం అదే బడిలో డ్రాయింగు మాస్టరు. గుడ్ ఫ్రైడే రోజు ఆరాధన ముగించుకుని ఆమె ఇంటికి వచ్చేసరికి వెనక గదిలో తల పగిలి పడి ఉన్నాడు. ఆదివారం సాయంత్రం పోలీసులు ఆమె తమ్ముడు ఏసయ్యను పట్టుకుపోయారు. ఈ సాయంత్రం మెజిస్ట్రేటు ముందు పెడతారట. ఒకసారి రిమాండుకు పోతే ఎలక్షన్లు అయిందాకా బెయిలు మాట ఎత్తేవాడుండడు.

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. ఆఖరున ఒక్క మాట మాత్రం నా కళ్ళలోకి చూసి అంది.

"ఆయన్ను ఎట్లా తెచ్చియ్యలేవు. నా తమ్ముణ్నన్నా తెచ్చియ్యన్నా."

తెచ్చిస్తానన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

బండి మీద ఆమెను ఎక్కించుకుని జమ్మలమడుగు పోతూ దారిలోనే సంగతంతా అడిగాను. సత్యానందం ఎలక్షన్లొస్తే అధికార పార్టీకి గోడల మీద బొమ్మలు వేసేవాడు. అవతలి పార్టీ నాయకుడికి గాడిద చెవులు పెట్టి ఆయన గీసిన బొమ్మ చూడ్డానికి జనం బస్సులు దిగి వచ్చేవాళ్ళట. ఏసయ్యది ఫ్లెక్సీల అంగడి, వాడు అవతలి పార్టీకి పని చేసేవాడు. బావా బావమరుదులు రాత్రి ఒకే కంచం దగ్గర కూర్చుని ఒకరి బొమ్మలు ఒకరు వెక్కిరించుకుంటూ తినేవాళ్ళు. వీధిలోకి వస్తే మాత్రం వాళ్ళు రెండు పార్టీలు. శవం లేచేలోగా అధికార పార్టీ వాళ్ళు జీపులేసుకుని వచ్చి, మా మనిషిని చంపినారన్నారు. శవపెట్టె మీద శిలువను కప్పేసి జెండా పరిచారు. కరుణమ్మ వద్దంటే వినలేదు.

శుక్రవారం ఏసయ్య పులివెందులలో ఫ్లెక్సీలు కడుతున్నాడు. పక్కన నలుగురున్నారు కానీ వాళ్ళలో ఒక్కడూ పోలీసు స్టేషన్ గడప తొక్కడు. ఏ పార్టీ ఫ్లెక్సీ కడుతున్నారు, ఎవరు పంపారు అని అడిగితే ఏం చెప్పాలి? సాక్ష్యం చెప్పినవాడు తర్వాత ఆ ఊరి మీదుగా బస్సులో పోవాలి కదా.

ఇంటి వెనక గది చిన్నది. గోడల నిండా చెక్క అరలు, అరల నిండా బొమ్మల పుస్తకాలు. అవి చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. చిన్నప్పుడు బస్టాండు దగ్గర అద్దె అంగట్లో బెంచీ మీద కూర్చుని నేను చదివిన పుస్తకాలే అవి. అట్టలు ఊడిపోయి, ఎవడి చేతికో అంటిన పులుసు మరకలతో మేం చదివి పారేసినవాటిని ఈయన ఎక్కడెక్కడి పాత పేపర్ల అంగళ్ళ నుంచో ఏరుకొచ్చి పెట్టుకున్నాడు. ఉత్తినే పెట్టుకోలేదు. ఒక్కొక్క పేజీ స్కాన్ చేసి బ్లాగులో పెట్టేవాడు. కువైట్లో డ్రైవర్లుగా పోయిన మా జిల్లా వాళ్ళు పని ముగించుకుని గదిలో పడుకుని సెల్లులో చదువుకునేవాళ్ళట. సారూ, మా చిన్నతనం మాకిచ్చినావు అని రాసేవాళ్ళట. ఇటువంటి మనిషిని చంపడానికి చెయ్యెలా వచ్చిందో అని మనసు మండిపోయింది.

నేలంతా కడిగేశారు. బల్లను మాత్రం పోలీసులు కదపనివ్వలేదు. బల్ల మీద స్కానరు, బ్రెడ్డు పాకెట్టు, ఒక డబ్బా మూతలో రెండు తుప్పుపట్టిన పిన్నులు. పక్కన బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉండేదట, దానితోనే కొట్టారు కాబట్టి అది స్టేషనుకు పోయింది. కిందపడి ముక్కలైన కంప్యూటరు మానిటరు గోడవారగా ఉంది. బల్ల కింద కాళ్ళ దగ్గర సీపీయూ డబ్బా గీత పడకుండా నిలబడి ఉంది.

ఆయన పని ఎలా చేసేవాడో చెప్పమని కరుణమ్మను అడిగాను. ముందు పుస్తకం పిన్నులు ఊడదీసి మూతలో వేసుకుంటాడట. కాగితాలు ఎగరకుండా ఎంత ఎండైనా ఫ్యాను ఆపేస్తాడట. బ్రెడ్డు నడిమి మెత్తటి భాగం ముద్ద చేసి పేజీ మీద మెల్లగా రుద్దితే మురికి దానికి అంటుకుని వస్తుందట. బొమ్మలేసేవాళ్ళ పాత పద్ధతి అది. తర్వాత పలచటి గుడ్డ కప్పి, గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో మడతలు సాపు చేసి స్కానరులో పెడతాడు. అంతా అయ్యాక మళ్ళీ అవే పిన్నులు అవే బెజ్జాల్లో గుచ్చుతాడు.

"ఇంట్లో బ్రెడ్డు ఎవురూ తినమన్నా. జరమొస్తే తప్ప" అంది.

నేను బల్ల కిందికి వంగి చూస్తే మూలన ఉండలు దొరికాయి. వేలెడంత ముద్దలు, బూడిద రంగులో కొన్ని, బొగ్గులా నల్లగా కొన్ని. తినే బ్రెడ్డు కాదది, రబ్బరు. ఇన్‌స్పెక్టరు గారి విందు భోజనం అక్కడితో తేలిపోయింది.

అప్పుడే ఆయన వచ్చాడు. వాకిట్లో జీపు ఆగిన చప్పుడు, వెనకే ఆ బూట్ల నడక. గురురాజారావుకు నేనంటే మొదటి నుంచీ ఒళ్ళుమంట. ఒకసారి ఆయన దొంగ అని కొట్టి ఒప్పించిన పనివాణ్ణి, గొలుసు సేటు కొడుకు దగ్గరే దొరికిందని చూపించి నేను విడిపించాను.

"ఏమప్పా యూనుస్, ఈడ ఎవుర్దన్నా పెండ్లి సంబంధం చూస్తాండావా?"

"బ్రెడ్డు చూస్తాండా సార్. దాన్ని ఎవురూ తినలా" అని నల్ల ముద్దలు ఆయన అరచేతిలో పెట్టాను. అవి ఎందుకో చెప్పాను. ఆయన వాటిని ఒకసారి వాసన చూసి కిటికీలో పెట్టేశాడు.

"సరే. తినలా. అయితే ఏంది?"

"మానిటరు పగలగొట్టినారు, డబ్బాను ముట్టలా. స్కాను చేసిన బొమ్మలన్నీ ఆ డబ్బాలో ఉంటాయి సార్, అద్దంలో కాదు. చంపినోడికి ఆ సంగతి తెలీదు. బొమ్మలు కనపడే పెట్టెనే కంప్యూటరనుకున్నాడు. ఏసయ్య పొద్దున లేస్తే ఆ డబ్బా ముందరే కూచుంటాడు. వాడైతే డబ్బా ఎత్తకపోడా?"

అంతటితో నేను ఊరుకోలేదు. బడి ఆఫీసు నుంచి మానిటరు తెప్పించి, ఆయన కళ్ళ ముందే డబ్బాకు తగిలించి తెరిచాను. అన్నిటికన్నా కొత్త ఫోల్డరు 'బాలరంగేళి, ఆఖరి సంచిక'. శుక్రవారం మధ్యాహ్నం దాకా స్కాన్ చేసిన పేజీలు వరసగా ఉన్నాయి. నడిమధ్య రంగుల పేజీలు మాత్రం లేవు. ఆ పుస్తకమూ గదిలో లేదు. దాని పిన్నులు మాత్రం మూతలో ఉన్నాయి.

"పుస్తకం కోసం వచ్చినాడు సార్. పార్టీ కోసం కాదు."

గురురాజారావు తెర వంక చూడలేదు. కిటికీలోంచి కాంపౌండు గేటు వంక చూశాడు. అక్కడ తెల్ల జీపొకటి చెట్టు నీడన ఆగి ఉంది, లోపల తెల్ల చొక్కాలు.

"పార్టీ కోసం కాదంటే ఈ ఊర్లో ఎవడు ఇంటాడప్పా? ఏసయ్య లోపలుండాడు, ఉండనీ. నువ్వు ప్రొద్దుటూరికి పోయి నీ గొలుసులు చూసుకో" అన్నాడు.

అధికార పార్టీకి ఇంతగా వంగి దండం పెట్టే పోలీసును నేనెక్కడా చూడలేదనుకున్నాను. ఆ మాట ఆయన మొహం మీదే అన్నాను కూడా. ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆఖరి సంచిక సంగతి కరుణమ్మ చెప్పింది. బాలరంగేళి అని మద్రాసు నుంచి ఒక నెల పత్రిక వచ్చేది. అందులో నడిమధ్య నాలుగు రంగుల పేజీల్లో ముసుగు వీరుడి కథ సీరియల్‌గా నడిచేది. నేనూ దానికోసమే అద్దె కట్టేవాణ్ణి. కథ అసలు పట్టులో ఉండగా, ముసుగు తీసే సమయానికి, పత్రిక ఆగిపోయింది. ఆఖరి సంచిక అచ్చయింది కానీ అంగళ్ళలోకి రాలేదు, ఎవరో ఒకరిద్దరికి తప్ప దొరకలేదు. మా జిల్లాలో అది ఒక్కరి దగ్గరే ఉందని ప్రతీతి. ప్రొద్దుటూరు సూర్యనారాయణ గారు, తాలూకాఫీసులో గుమాస్తాగా రిటైరైన ముసలాయన. సత్యానందానికి పాతికేళ్ళకు పైగా స్నేహితుడు. ఆదివారం ఆరాధన కాగానే వచ్చి, భోంచేసి, పుస్తకాల గురించి సాయంత్రం దాకా మాట్లాడుకునేవాళ్ళు. స్కానింగు మొదలైనప్పటి నుంచీ రాకపోకలు తగ్గాయి. ఊరూపేరూ లేనివాళ్ళందరికీ ఊరకే పంచిపెడతావా అని ఆయనకు కోపం.

"ఉగాది అయినాక ఈయనకు పాత పేపర్ల మూటలో ఆఖరి సంచిక దొరికిందన్నా. ఆ పొద్దు ఎంత సంబరపడినాడో. ముందు ఫోను చేసింది సూర్యనారాయణ సారుకే. ఈస్టరుకు అందురికీ చూపిస్తా అన్నాడు."

అంత్యక్రియలకు ఆ సారు వచ్చాడా అని అడిగాను. మోకాళ్ళ నొప్పులని కబురు పంపాడట.

ప్రొద్దుటూరికి తిరిగొచ్చాను. శివాలయం వెనక వీధిలో ఆయన ఇల్లు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, కూర్చోమని మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఇల్లంతా కలరా ఉండల కంపు. హాల్లో ఇనప బీరువాలు మూడు, మనుషుల కన్నా మర్యాదగా గోడకు ఆనుకుని నిలబడ్డాయి. సత్యానందాన్ని ఉగాది తర్వాత చూడలేదన్నాడు. శుక్రవారం ఇల్లు కదల్లేదన్నాడు. కంప్యూటర్లు తాను ముట్టనన్నాడు. ఆ మాట అడక్కుండానే అన్నాడు. పుస్తకమంటే చేత్తో పట్టుకుని, వాసన చూసి, మడత పడకుండా తిప్పుకునేది అన్నాడు.

"అందరి దగ్గరా ఉండేది పుస్తకం కాదు నాయనా, కాగితం. ఒకడి దగ్గరే ఉంటే పుస్తకం."

మీ దగ్గరున్న ఆఖరి సంచిక ఒకసారి చూపిస్తారా అన్నాను. మూడో బీరువాలో ఉందని, తాళంచెవి ఎక్కడో పడిపోయిందని చెప్పాడు. చెబుతూ ఎడమచేత్తో చొక్కా లోపల జంధ్యం తడుముకున్నాడు. అలాంటివాళ్ళు తాళాలు ఎక్కడ కట్టుకుంటారో నాకు తెలుసు, మా వీధి పంతులుగారూ అక్కడే కట్టుకుంటాడు. కానీ చొక్కా పట్టుకుని లాక్కోలేను కదా. సోదా కాగితం నా దగ్గర లేదు, ఉన్న గురురాజారావు రాడు.

అప్పుడు చూశాను. గడప పక్క పగులులోంచి చీమల బారు. అది కలరా ఉండల కంపును లెక్కచేయకుండా గోడవారగా నడిచి, మొదటి బీరువా దాటి, రెండోది దాటి, మూడో బీరువా తలుపు సందులోకి పోతోంది. ముసలాయన చూపు ఆనక దాన్ని గమనించలేదు. పుస్తకాల బీరువాలోకి చీమలు దేనికి పోతాయి? కాగితానికి పోవు. నాకు బ్రెడ్డు గుర్తుకొచ్చింది.

మనిషిని భయపెట్టి నిజం కక్కించడం నాకొచ్చు. పెళ్ళికొడుకుల దగ్గర అదే చేస్తాను. ఇక్కడ ఆ అవసరం పడలేదు. కుర్చీలోంచి లేచి, వెళ్ళిపోయేవాడిలా గడప దాకా పోయి ఆగాను.

"సారూ, మూడో బీరువాకు చీమలు పట్టినాయి. లోపలంతా పాకేసినట్టుండాయి. పుస్తకాలు ఏమైనాయో ఏమో."

ఆయన లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. మోకాళ్ళ నొప్పులు ఎటు పోయాయో. వంగి ఆ బారు చూశాడు, చొక్కా గుండీ తెంచుకుని జంధ్యానికి కట్టిన తాళంచెవి బయటికి లాగి, బీరువా తెరిచాడు. నేనెవరో, ఎందుకొచ్చానో ఆ క్షణాన ఆయనకు తట్టనేలేదు. హంతకుడైతే ఆ తలుపు ప్రాణం పోయినా తెరవడు. ఆయన ముందు పుస్తకాల మనిషి, ఆ తర్వాతే హంతకుడు.

పై అరలో పాలిథిన్ కవరొకటి చీమలతో నల్లబడి ఉంది. అయ్యో అయ్యో అంటూ దాన్ని బయటికి తీసి, పంచె చెంగుతో చీమలను విదిలించాడు. విదిలిస్తుంటే కవరులోంచి నేల మీదికి బ్రెడ్డు ముద్దలు రాలాయి. కొన్ని తెల్లగా, కొన్ని నల్లగా. వాటిని చూసి ఆయన చేతులు ఆగిపోయాయి.

కవరు నేను తీసుకున్నాను. విడి విడి కాగితాలు, మడత దగ్గర పిన్నులు లేని రెండేసి బెజ్జాలు. నడిమి రంగుల కాగితం మీద పైసగం కొత్తదానిలా మెరుస్తోంది, కిందిసగం మురికిగా ఉంది. రెంటికీ మధ్య గీత స్పష్టంగా తెలుస్తోంది. సత్యానందం చెయ్యి అక్కడిదాకా వచ్చి ఆగింది.

"కాల్చేసుంటే నీకీ బాధ లేకపోవును కదా సారూ" అన్నాను.

"పుస్తకాన్ని ఎట్లా కాలుస్తాం నాయనా" అన్నాడు.

మనిషి తల పగలగొట్టినవాడు ఆ మాటన్నాడు. చెంప మీద కొట్టాలనిపించింది. కొట్టలేదు, పడిపోయిన కుర్చీ లేపి కూర్చోబెట్టాను. ఆయనే చెప్పాడు, మధ్య మధ్య నీళ్ళు తాగుతూ. ఆయన దగ్గరున్న సంచికలో రంగుల పేజీలు ఎప్పుడూ లేవు. ఈయన కొనేనాటికే ఎవడో చించుకుపోయాడు. ఆ సంగతి సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ముసుగు ఎలా తీశాడు, లోపలున్నది ఎవరు అని అందరూ అడుగుతుంటే సొంతంగా ఒక ముగింపు అల్లి చెప్పాడు. అది విని సత్యానందం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ప్రతి ఆదివారం మళ్ళీ చెప్పించుకునేవాడట. చూస్తూ చూస్తూ పాతికేళ్ళు గడిచిపోయాయి. ఆ కథ చెప్పినందుకే ఈయనకు మర్యాద, ఆ కథ చెప్పినందుకే ఈయన పెద్దమనిషి.

శుక్రవారం ఈయన బస్సెక్కి పోయాడు, ఆ పేజీలు పెట్టవద్దని అడగడానికి. సత్యానందం కోప్పడలేదట. నవ్వాడట. నీ కథే బాగుంది సారూ అన్నాడట. అయినా ఆదివారం అందరూ చూస్తారు, అందరితో పాటు నువ్వూ చూద్దువు గానీ అని, మళ్ళీ బ్రెడ్డు ముద్ద తీసుకుని వంగాడట.

"ఆ నవ్వు నేను పడలేకపోయినా. చేతికాడ ఇస్త్రీపెట్టె ఉండె" అన్నాడు.

"ఇంతకూ ముసుగులో ఎవురుండారు?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను, బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు నాలో ఇంకా చావలేదు.

ఆయన ఆ రంగుల కాగితాన్ని వేలితో చూపించాడు. ఆఖరి గడిలో వీరుడు ముసుగు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. దాని కింద చిన్న అక్షరాల్లో 'ఇంకా ఉంది' అని అచ్చేసి ఉంది.

ఇక్కడ నేను చేసిన పని గురించి చెప్పాలి. ఒప్పుకోలు చేతికందగానే ఇన్‌స్పెక్టరుకు ఫోను చేయాలి, ఎవరైనా అదే చేస్తారు. నేను ముందు సలీముకు చేశాను. మా ఊరి కేబుల్ టీవీ రిపోర్టరు. గురురాజారావు చేతిలో పెడితే ఈ ముసలాయన్ను మంచిచేసుకుని పంపేసి, ఏసయ్యను రిమాండుకు తోస్తాడని నా నమ్మకం. లోకమంతా చూశాక ఏం తొక్కిపెడతాడో చూద్దామనుకున్నాను. ఉన్నమాట చెప్పాలంటే, ఆయన తల వంచుకోవడం టీవీలో చూడాలని కూడా ఉంది. సలీం కెమెరా తెచ్చాడు, ముసలాయన కెమెరా ముందు మళ్ళీ మొత్తం చెప్పాడు, పుస్తకాన్ని తడి చేత్తో ముట్టుకోవద్దని వాణ్ణి మందలించాడు కూడా. 'డ్రాయింగు మాస్టరు హత్య కేసు, బావమరిది ఏసయ్య నిర్దోషి' అని స్క్రోలింగు మొదలైంది. ఆ తర్వాతే ప్రొద్దుటూరు పోలీసులను పిలిచి ఆయన్ను అప్పగించి, బండెక్కాను. దారి పొడుగునా గురురాజారావుకు ఏమేం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే పోయాను.

స్టేషన్లో లాకప్పు తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. ఇన్‌స్పెక్టరు టోపీ బల్ల మీద పెట్టి, టీవీలో తిరుగుతున్న అవే అక్షరాలు చూస్తూ కూర్చున్నాడు.

"ఏసయ్య యాడ సార్?"

"ఇడిసిపెట్టినా. నిర్దోషి కదప్పా. టీవీలో వచ్చె. తప్పు చేయనోణ్ణి నేనెట్ల లోపల పెట్టుకోవల్ల?"

గెలిచానని నోరు తెరవబోయాను. ఆయన మొహం చూసి మూసుకున్నాను. ఓడిపోయిన ఆఫీసరు మొహం కాదది.

"వాణ్ణి పట్టుకొచ్చింది చంపినాడని అనుకోలా నేను. ఆదివారం పొద్దున్నుంచి నాకు ఫోన్లు. పట్టుకో అని కాదు, పట్టుకోవద్దు, బయటే ఉండనీ అని. వాళ్ళ మనిషి చచ్చినాడు, అవతలోళ్ళలో ఒకడు చావల్ల. అందుకే లోపలేసినా. జైలుకు పోతే ఎలక్షన్లు అయిందాకా బతుకుతాడని. అప్పుడు గేటుకాడ వాళ్ళ జీపు ఉండె, నీతో ఇంకేం చెప్పేది?"

"చంపింది సూర్యనారాయణ. వాళ్ళూ చూసుంటారు కదా టీవీ."

"ఆ ముసలాయనది ఏ పార్టీ? ఆయన చస్తే ఎవుడు భయపడతాడు?" అన్నాడు ఆయన. "జెండా కప్పి పూడ్చిపెట్టినారు. కాదు, పుస్తకం కోసం చచ్చినాడు అంటే ఆ జెండాను ఏం చేసుకోవల్ల వాళ్ళు?"

సత్యానందం తరఫు పార్టీ వకీలే వచ్చాడట. టీవీలో వచ్చింది చూపించి, అమాయకుణ్ణి ఒక్క నిమిషం కూడా ఉంచడానికి మీకు హక్కు లేదని గట్టిగా మాట్లాడి, పూచీకత్తు కాగితాల మీద దగ్గరుండి సంతకాలు పెట్టించాడట. ఎస్పీ ఆఫీసు నుంచి కూడా వదిలేయమనే వచ్చింది. అక్క దగ్గర దింపుతాం రా అని వకీలు ఏసయ్య భుజం మీద చెయ్యి వేశాడట.

"జీపెక్కే ముందర వాడు ఆగినాడు" అన్నాడు గురురాజారావు. "టీవీలో నీ పేరు ఇన్నాడు, యూనుసన్న పంపినాడా అని అడిగినాడు. వకీలు ఔనన్నాడు. అప్పుడెక్కినాడు."

 ఎటు పోయారని అడిగితే పెద్దముడియం రోడ్డు అన్నాడు. మిషన్ కాంపౌండు ఆ దారిలో లేదు. వెనకాలే స్టేషన్ జీపులో ఇద్దరు కానిస్టేబుళ్ళను పంపాడట, ఇంకా కబురు రాలేదట. ఆ మాట చెబుతూ ఆయన నా వైపు చూడలేదు.

బయటికి వచ్చి బండి స్టాండు తీస్తుంటే జేబులో ఫోను మోగింది. కరుణమ్మ. ఎత్తకుండా ఉండలేకపోయాను.

"అన్నా, టీవీలో చూసినాం. నీ రుణం ఎట్ల తీర్చుకోవల్లో తెలీదు. ఇప్పుడే స్టేషన్ కాడి నుంచి ఒకాయప్ప వచ్చి చెప్పిపోయినాడు, ఇడిసిపెట్టినారంట కదా. వాడు రెండు పొద్దుల నుంచి ఏం తినలేదు, అన్నం పొయ్యి మీద పెట్టినా." ఆమె గొంతులో ఏడుపు ఉంది, నవ్వూ ఉంది. "నీ బండి మీదే వస్తాండాడా అన్నా? రొంత వానికియ్యి ఫోను."

బండి పెద్దముడియం రోడ్డుకు తిప్పాను. ఫోను జేబులో వేసుకున్నాను కానీ కట్ చేయడానికి చెయ్యి రాలేదు. ఇంజను చప్పుడులో ఆమె తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.